వెన్ను చూపే ఆట

పోర్తో పక్కన మతోజిన్యోస్ రేవు.
సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీని ఆనుకుని ఒక హాలు.
మంగళవారం పదింటికి తాళం తీస్తారు.
నేల మీద టేపు గీతలు, రబ్బరు వాసన,
పగిలిన కిటికీలోంచి అట్లాంటిక్ ఉప్పు.

కాగితం మీద దీని పేరు వ్యాయామ చికిత్స.
ఫిజియో గ్రసిందా మాత్రం ఆట అంటుంది,
ఎవరో కాదన్నట్టు, గట్టిగా.
అంటూనే రాసుకుంటుంది:
మెడ ఎంత తిరిగింది, ఊపిరి ఎప్పుడు బరువెక్కింది.

నా పని వాలుబల్ల పట్టుకోవడం.
చక్రాల కుర్చీలోంచి నా భర్త అబీలియో
రెండు వేళ్ళు ఆడిస్తాడు.
బల్లని అటు జరపాలి, బంతిని చెప్పినంత ఎత్తులో ఉంచాలి.
నుదుటికి కట్టిన కడ్డీతో అతను దాన్ని వదులుతాడు.
తెల్లబంతికి ఎవరిది దగ్గరైతే వాళ్ళదే పాయింటు.

ఒకటే షరతు.
నేను ఆటస్థలానికి వీపు పెట్టి కూర్చోవాలి.
తిరిగి చూడకూడదు, సలహా చెప్పకూడదు.
యుద్ధంలో వెన్ను చూపితే సిగ్గంటారు,
ఇక్కడ చూపకపోతే తప్పు.

మొదటి నెల ఎన్నిసార్లు తిరిగానో!
నాలుగేళ్ళుగా అతని వాక్యాలన్నీ
నేనే మొదలుపెట్టి నేనే ముగించేదాన్ని.
డాక్టర్ అతన్ని అడిగితే నేను జవాబు.
ఆకలి నాకే ముందు తెలిసేది, అతనికన్నా.

అంతకు ముందు ఇరవై ఆరేళ్ళు
అతను రేవులో క్రేన్ నడిపాడు.
కింద ఒకడు నిలబడి చెయ్యి ఊపేవాడు:
ఎడమ, ఇంకాస్త, ఆపు.
పైన గాజు గదిలో అబీలియో
ముప్పై టన్నుల పెట్టెని
నిద్రపోయే పిల్లని పడుకోబెట్టినట్టు ఓడలో దించేవాడు.
నవంబరులో ఒక తడి నిచ్చెన.
ఒకే ఒక్క మెట్టు.

తర్వాత మిగిలిన మాట గురువారం.
నీళ్ళు గురువారం. దుప్పటి గురువారం.
నేనూ గురువారమే.

ఇప్పుడు క్రేన్ నేను.
కింద నిలబడి చెయ్యి ఊపే మనిషి అతను.

అవతలి కుర్చీలో వాల్దెమార్, ఇరవై రెండేళ్ళవాడు,
మోటారు సైకిల్ కథ.
నవ్వకూడని చోట నవ్వుతాడు,
కాబట్టి వాడి నవ్వు విని లెక్క తెలుసుకోలేను.
బంతి దొర్లిన చప్పుడు, తోలుకి తోలు తగిలిన టప్,
ఆపైన నా ముందున్నది ఒక్కటే:
అబీలియో ముఖం.
పెళ్ళిలో కూడా ఇంతసేపు చూడలేదేమో.
కనుబొమ్మ మీద ఒక మచ్చ ఉంది. ఎప్పటిదో తెలీదు.

మొన్న చివరి బంతి.
వేళ్ళు పైకన్నాయి. ఇంకా పైకి.
అంత ఎత్తు నుంచి వదిలితే గోడ దాకా పోతుంది,
పొరపాటు పడ్డావు అనే మాట పళ్ళ దాకా వచ్చింది.
మింగాను.
పైకి పెట్టాను.

టప్.
వాల్దెమార్ నవ్వాడు, ఈసారి సరైన చోటే.
మా బంతి వెళ్ళి వాడి బంతినే
తెల్లదాని ఒళ్ళోకి నెట్టిందట.
నాలుగు మూడు, ఓడిపోయాం.
"గురువారం!" అన్నాడు అబీలియో.
అది బూతు. మొదటిసారి స్పష్టంగా అర్థమైంది.
నవ్వాపుకోలేక బల్ల వదిలేశాను.

ఆ సాయంత్రం ఇంట్లో, మూడో అంతస్తు,
సూపు గిన్నెతో అతని ఎదురుగా నిలబడ్డాను.
వేళ్ళు ఆడాయి.
నీళ్ళా? దిండా? టీవీయా?
కాదు, కాదు, కాదు.
అప్పుడు నోరు మూసుకుని
వేళ్ళనే చూశాను.

ఎడమ.
జరిగాను.
ఇంకాస్త.
అలమర భుజానికి తగిలేదాకా.
ఆపు.

నా వెనక కిటికీ ఉంది.
కిటికీలో రేవు, దీపాలు వెలిగే వేళ.
నాలుగేళ్ళుగా నేను నిలబడే చోటు అదే.

తిరగలేదు.
సూపు చల్లారుతోంది, చల్లారనీ అనుకున్నాను.
అతని కళ్ళు మెల్లగా కిందికి దిగాయి,
ఏదో బరువైనది ఎవరో దించుతున్నట్టు,
కాస్త ఆగి,
ఇంకాస్త దిగాయి.