ద మీట

ద మీట పోయి మూడు నెలలు.
వాది, ప్రతివాది, దావా, దస్తావేజు.
శ్రీకాకుళం కోర్టు బయట జిరాక్స్ షెడ్డులో
రోజుకి ఎన్ని ద-లు కావాలో
పోయాకే తెలిసింది.
పాత కాగితంలోంచి ఒకటి కోసి తెచ్చి
అవసరమైన చోటల్లా అతికిస్తున్నాను,
చిరిగిన జాకెట్టుకి గుడ్డముక్క వేసినట్టు.
షిఫ్టు నొక్కితే వచ్చే ధ కూడా దాంతోపాటే పోయింది.
ఆధారాలన్నీ అరువే.

దాలినాయుడు షార్జా నుంచి ఫోన్ చేశాడు.
మా వీధివాడే, పదో తరగతి దాకా ఒకే బడి.
"పద్దెనిమిదిన వస్తన్నాను. లేప్‌టాప్ గావాలన్నావట గదా,
ఇక్కడ ముప్పైరెండు వేలకొచ్చేస్తాది.
శుక్రవారం నాకు సెలవు. ఈలోగా సెప్పు."

ఏడు రోడ్ల జంక్షన్లో అదే నలభైతొమ్మిది.
తేడా పదిహేడు వేలు.
పేజీ పదిహేను రూపాయల లెక్కన
వెయ్యినూట ముప్పైమూడు పేజీలు, ఇంకో మూడోవంతు.
నోటుపుస్తకం అట్ట మీద రెండుసార్లు వేసి చూశాను.

రిపేరు కొట్టు కూర్మారావు
స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకుని అన్నాడు:
"అక్కడి బిల్లుకి ఇక్కడ వారంటీ సెల్లదు మేడమ్.
బోర్డు పోయిందనుకోండి,
మరది కూరగాయలు కోసుకునే పీటే."
ప్లగ్గు మూడు చదరపు కాళ్ళతో వస్తుందన్నాడు,
మన గోడ బొక్కల్లో దూరదన్నాడు.
దానికి అరవై రూపాయల మందుంది, అదీ వాడి దగ్గరే.
మీటల మీద అరబ్బీ అక్షరాలుంటాయి, ఇబ్బంది కదా అన్నాడు.

నవ్వొచ్చింది.
నా అక్షరాలు మీటల మీద ఎప్పుడున్నాయి గనక?
పద్నాలుగేళ్ళుగా ఇంగ్లీషు గుర్తుల మీద తెలుగు కొడుతున్నాను.
కుడి నుంచి ఎడమకి నడిచే అక్షరాలు
ఎడమ నుంచి కుడికి నడిచే నా వేళ్ళని
పక్కన నిలబడి చూస్తాయి, అంతే.

రాత్రి పొందూరు ఇంట్లో అమ్మ పత్తి దువ్వుతోంది,
చేతిలో వాలుగ చేప దవడ.
అదీ మా ఏటి చేపది కాదు,
గోదావరి వైపు నుంచి అమ్ముకొచ్చేవాళ్ళు ఇచ్చింది.
అది కొన్న రోజున అమ్మని చూడాలి.
పది దవడలు ముందేసుకుని
బొటనవేలి కొసతో ఒక్కొక్క పన్నూ తడిమి
తొమ్మిదింటిని వెనక్కి తోసేసింది.
"మరి నీ దాన్ని ఎవులు తడుముతారే?" అంది.
"దాలినాయుడు."
"ఆడి ఏళ్ళా?"
దూది మీంచి కళ్ళెత్తలేదు.

నాకా వేళ్ళు తెలుసు.
పన్నెండేళ్ళ వెల్డింగు,
రవ్వలు తిని తిని నల్లబడ్డ కొసలు.
ఫోను తెర కూడా వాటిని గుర్తుపట్టదు,
మెటికతో నొక్కుతాడు.

మళ్ళీ నేనే చేశాను.
"ఎంత బరువు తేనిస్తారు?"
"ముప్పై కిలోలు."
అక్కకి మిక్సీ, మేనల్లుడికి బూట్లు,
వీధిలో నలుగురికి నాలుగు దుప్పట్లు, ఖర్జూరాలు,
ఎవరడిగారో తనకే గుర్తులేని ఇస్త్రీపెట్టె.
"మరి నీవి?"
"నావేటున్నాయి! నీది సేతి సంచీలో ఎడతాను,
రెండు జతలు తీసేస్తే సరి."
వెనక ఎవరో ఏదో భాషలో
స్నానాల గది వంతు కోసం అరుస్తున్నారు.

రెండు జతల బట్టలు ఎంత బరువుంటాయి?
ఈ లెక్క అట్ట మీద తేలలేదు.

గురువారం రాత్రి. ఫోనులో చార్జింగు లేదు.
పాతదాన్నే తెరిచి కబురు రాయబోతే
అతని పేరు మొదట్లోనే ఆగింది.
కావాలి అని రాయడం ఎంత సులువు! అందులో ద లేదు.
కొను, తీసుకురా, సరే,
ఒక్కదాంట్లోనూ లేదు.
వద్దుకి మాత్రం రెండు కావాలి,
ఒకదాని కింద ఒకటి.

ఎవరో రాజీపడి వదిలేసిన గట్టు తగాదా కాగితంలోంచి
ఒకటి కోసి తెచ్చాను.
పేరుకి అతికించాను. వద్దుకి రెండుసార్లు.
"నీ బట్టలు నువ్వు తెచ్చుకో" అని కూడా రాశాను,
దానికేమీ అరువు అక్కర్లేకపోయింది.

"లైటు తీసీనా?" అంది అమ్మ.
ఉండమన్నాను.
ద ఇంకా చేతిలోనే ఉంది.
పొద్దున్నే ఒక విడాకుల దరఖాస్తు కొట్టాలి,
అందులో ఎన్ని పడతాయో.