ఇరవై ఫ్రేములు

కొత్త ప్లేయరు పలకంత పల్చన.
వెనక్కి తిప్పితే ఒకటే వెడల్పాటి నోరు,
పక్కన పుట్టుమచ్చలా నారింజ రంగు కన్నం.
అంతే.

రిసీవరు పన్నెండు కిలోలు.
పద్దెనిమిదేళ్ళ కిందట ఏరియర్సు డబ్బులతో విశాఖలో కొని
నరసన్నపేట దాకా ఆర్టీసీ బస్సులో
ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను.
కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టాడు.
దాని వీపు నిండా కన్నాలే:
ఎరుపు, తెలుపు, పసుపు,
దేనికో నాకెన్నడూ తెలియని ఆకుపచ్చ, నీలం.
ఇన్నింటిలో
ఆ ఒక్క నోటికి సరిపడేది లేదు.

బంగారు కొట్ల వీధిలో సెల్లులమ్మే కుర్రాడు
తలెత్తకుండానే తేల్చేశాడు:
"పాతది తూకానికి వేసేయండి మేడం,
సౌండ్‌బార్ పెట్టుకోండి, సన్నగా ఉంటుంది."
సన్నబడమని చెప్పేవాళ్ళకి
ఇరవై ఆరేళ్ళుగా స్టాంపులమ్ముతున్నాను.
చిల్లర తీసుకుని వచ్చేశాను.

ఆదివారం గవరయ్య వచ్చాడు.
మూతబడ్డ సినిమా హాల్లో ముప్పై ఏళ్ళు ఆపరేటరు,
ఇప్పుడు నెలనెలా నా కౌంటర్లోనే ఆర్డీ కడతాడు.
టార్చిలైటు పళ్ళతో పట్టుకుని
టీవీ వెనక్కి సగం దూరాడు.
సాలెగూడు, పెన్ను మూత,
ఎప్పుడో పోయిందనుకున్న నా జూకా
ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

"బొమ్మని తిన్నగా టీవీకే పంపీ.
మాట మాత్రం ఈ ముసిల్దానికియ్యి."
"దేంతో?"
"అదిగో, పారీసినావు సూడు, పసుపు వైరు."
"అది బొమ్మది కదా?"
"వైరుకేటి తెలుసమ్మా,
దాన్లోంచి బొమ్మెల్తందో మాటెల్తందో!"

నారింజ కన్నంలో పసుపు కొన
టక్కుమని కూర్చుంది.
మొదట ఏమీ లేదు.
తర్వాత గుర్రు.
మెనూలో నాలుగు మెట్లు దిగి
బిట్‌స్ట్రీమ్‌ని పీసీఎం చేశాక
కొత్తది కాస్త నిదానించి, పాతదానికి తెలిసేలా
మాట్లాడింది.

మా మేనల్లుడు మడపాంలో తీసిన తప్పెటగుళ్ళ డిస్కు.
పదహారుమంది, గుండెల మీద రేకులు, కాళ్ళకి గజ్జెలు.
చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది,
దెబ్బ వినిపించేసింది.
గజ్జె మోగాక కాలు పడుతోంది.
మా ఆఫీసులో కొందరిలాగే
మాట ముందు, మనిషి వెనక.

నేను నవ్వాను. గవరయ్య నవ్వలేదు.
"ఫిలిమ్ములో బొమ్మ పక్కన దాని మాటుండదమ్మా.
ఇరవై ఫ్రేములు ముందర రాసుంటాది.
మద్దెన రీలుకి లూపు వదలాల.
బిగించీసినావో,
ఈరోయిన్ నోరు తెరవకముందే ఏడుపినపడతాది.
హాలంతా ఈలలే.
ఎంత వదులన్నది పుస్తకంలో లేదు, ఏళ్ళకి తెలుస్తాది."

రిసీవరులో డిలే అని ఒకటుంది, మిల్లీసెకన్లలో.
ఇన్నేళ్ళలో నేను దాని జోలికే పోలేదు.
నలభై.
అరవై.
కరెంటు పోయింది.

బొమ్మలేని టీవీకి ఎదురుగా కూర్చుని
ఇద్దరం పకోడీ తిన్నాం.
హాలు గోడౌనయ్యిందట, ఎరువుల బస్తాలట,
మెషిన్ రూమ్ కన్నంలోంచి పిచికలు వస్తాయట.
అంతకన్నా చెప్పలేదు.

కరెంటొచ్చింది. మళ్ళీ మొదట్నించి.
నలభై. అరవై. తొంభై.
కళ్ళు తెర మీదే ఉన్నాయి గానీ
అతని కుడిచేతి రెండు వేళ్ళు
లేని ఫిల్ముని కొంచెం కొంచెంగా వదులుతున్నాయి.
"ఇంకొంచెం.
ఇంకొంచెం.
ఆఁ."
నూట పది దగ్గర
అరచెయ్యీ, రేకూ, దెబ్బా ఒక్కటయ్యాయి.
గోడ మీద కేలెండరు అదిరింది.
గజ్జెలు తనకేననుకుని పక్కింటి కుక్క మొరిగింది.

డబ్బులిస్తే పుచ్చుకోలేదు.
అట్టపెట్టెలో మిగిలిపోయిన ఎరుపు, తెలుపు వైర్లు అడిగాడు.
"ఇవేం చేసుకుంటావు?"
"ఆనపపాదు జారిపోతంది, కట్టాల."

ఇవాళ పోస్టాఫీసు కిటికీలోంచి చూస్తే
వాళ్ళ డాబా మీద, పాదు మొదట్లో, ఎర్ర వైరు.
ముడి ఇక్కణ్ణించి కనపడదు.
బిగించి ఉండడనే అనుకుంటున్నాను.