ఎనభై ఆరున్నర

పుస్తకంలో నూరు అని ఉంది.
నేనూ నూరే అని చెప్పాను.

ఎల్ ఆల్తో బడిలో అది నా రెండో వారం.
కోకా ఆకుల కషాయానికి లొంగని తలనొప్పి.
పదహారు మెట్లెక్కితే ఆయాసం,
బోర్డు తుడుస్తున్నట్టు నటించి దాచుకునేవాణ్ని.
కింద శాంతా క్రూస్ ఉక్కపోతలోంచి
బదిలీ మీద పైకొచ్చినవాణ్ని కదా,
ఇక్కడ జూన్ నెలలో
కుళాయి కూడా పళ్లు బిగించుకుని ఉంటుంది.

తెల్లకోట్లు తొడుక్కున్న ముప్పై ముగ్గురు పిల్లలు,
ఎనిమిది స్పిరిటు దీపాలు, ఎనిమిది బీకర్లు,
బడి మొత్తానికి ఒకే ఒక్క థర్మామీటరు.
అది బెంచీ నుంచి బెంచీకి
పురుటింటి పసిబిడ్డలా చేతులు మారింది.

నీళ్లు ముందు సన్నగా కూనిరాగం తీశాయి.
తర్వాత అడుగున పూసలు కట్టాయి.
తర్వాత కుతకుత.

"చూసి రాయండి" అన్నాను.

ముప్పై రెండు నోటుబుక్కుల్లో ముప్పై రెండు నూర్లు.
సున్నాలు ఎంత గుండ్రంగా ఉన్నాయో!
చూడకుండా రాసినవాటికే అబ్బే అందం అది.

ఒక్కదాంట్లో మాత్రం, పెన్సిలుతో
ఒత్తి రాసి, చెరిపి,
చినిగిన కాగితం మీదే మళ్లీ రాసిన అంకె:
ఎనభై ఆరున్నర.
జుల్మా తికోనా. ఆఖరి బెంచీ. మాట్లాడని పిల్ల.

ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశాను.
పక్కన రాశాను:
సరిగా చూడు.

ఆ రాత్రి అద్దెగదిలో అన్నం వండుకున్నాను.
గంటసేపు గిన్నె కుతకుతలాడుతూనే ఉంది.
మెతుకు పట్టి చూశాను,
నడుమ సుద్దముక్కలా పలుకు.
మంట పెంచాను. నురగ పొంగింది.
మెతుకు ఒప్పుకోలేదు.

గిన్నెంతా చూడక్కర్లేదు,
ఒక్క మెతుకు చాలంటారు.
ముప్పై ముగ్గురిలో
ఒక్క పిల్ల చాలలేదు నాకు.

గోడకవతల దోన్యా ఎర్మీనియా కుక్కరు ఈల వేసింది.
నా పలుకన్నం చూసి నవ్వి
"ఇక్కడి నీళ్లకు తొందరెక్కువ మాస్టారూ,
కాగకముందే మరిగిపోతాయి" అంది,
నాకో గరిటెడు చున్యో దుంపల పులుసు పోస్తూ.

మర్నాడు క్లాసులో నోరు తెరిచి
కాసేపు నీళ్లు నమిలాను.
అవీ ఎనభై ఆరున్నర దగ్గర మరిగేవే.

ఆ తర్వాత చెప్పాను,
గాలికి బరువుంటుందని,
కొండ ఎక్కేకొద్దీ అది పలచబడుతుందని,
నెత్తిన మోత తగ్గితే నీళ్లు
తక్కువ వేడికే ఆవిరై లేచిపోతాయని.
ఇన్నాళ్లూ నన్ను రొప్పించిన గాలే అది.
థర్మామీటరు తప్పు కాదు, జుల్మా తప్పూ కాదు.

"మరెందుకు చెరిపావమ్మా?"

"అందరిదీ చూసి నూరు చేద్దామనుకున్నా సార్.
ఇంకోసారి చూశా.
పాదరసం ఎక్కలేదు.
నేనేం చెయ్యను?"

ఎవరో కిసుక్కుమన్నారు. నేను నవ్వలేదు.
అప్పుడా పిల్ల కిటికీ వైపు తిరిగింది,
ఇల్యిమాని మంచు ఎండలో తెల్లగా మండుతోంది.
"మరి ఆ కొనమీద ఎంత సార్?"

లెక్క కట్టొచ్చు. సూత్రం ఉంది.
అయినా "తెలీదు" అన్నాను.
ఆ ఎత్తుకొచ్చాక
ఆయాసం లేకుండా పలికిన మొదటి మాట అదే.

వెనకనుంచి రామిరో లేచాడు,
వాళ్ల మామ ఆ మంచుకొండకు దారి చూపే గైడట,
థర్మామీటరు ఇస్తే చూసొస్తాడట.

శనివారం సాయంత్రం
దాన్ని ఉన్ని మేజోట్లో చుట్టి
రామిరో చేతిలో పెట్టాను, పడేస్తే చంపుతానని చెప్పి.
తర్వాత స్టోర్‌రూము రిజిస్టరు తెరిచి
'థర్మామీటరు: ఒకటి. బీరువాలో ఉంది' అని
చూడకుండానే రాసి సంతకం పెట్టాను.

అక్షరాలు చాలా గుండ్రంగా వచ్చాయి.