మూరెడు వెలుగు

పాతూరు సందులో ఫకృద్దీన్ అంగడి.
గల్లా బల్ల మీద ఏడు తలలైట్లు పరిచి
"ఎంత దూరం కొట్టాలప్పా?" అన్నాడు.
అందరూ దూరమే అడుగుతారంట.
అడవిపందుల కాపలాకు పొయ్యేవాడు,
రాత్రి కరెంటుకు బోరు కాడికి పొయ్యేవాడు,
కొండెక్కి ఫోటోలు తీసే కాలేజీ పిల్లోళ్ళు.
ఒకటి వెలిగించి బయటికి కొట్టి చూపించినాడు:
వీధికి అవతల మిద్దె మీద
ఆరేసిన చీర తెల్లబోయింది.

"నాకు మూరెడు చాలు" అన్నా.

నవ్వినాడు. చెప్పాల్సి వచ్చింది.
నేను గోపాలమిత్రను.
నా పని సగం మోచేతి దాకా చీకట్లోనే.
లోపల ఏ లైటూ పనికిరాదు, వేళ్ళే చూసుకుంటాయి.
బయటికొచ్చిన గిట్టల అడుగు మాత్రం
నేల చూస్తోందా, ఆకాశం చూస్తోందా
అది కంటితోనే తేల్చుకోవాల.
ఇన్నాళ్ళూ ఫోను పళ్ళ మధ్య కరిచి పట్టుకున్నా.
"తాడు లాగు" అనబోయి ఊఁ ఊఁ అంటే
ఎనుము మూలుగుతోందనుకుని
దాని వీపు నిమిరినారు ఒక ఊర్లో.

మొదటిదాని బరువంతా నుదుటి మీదే.
వంగితే ముక్కు మీదికి జారె.
నిలబడి చేసే పనైతే నాకు లైటెందుకు?
ఛార్జింగుది చూపించి
"నాలుగు గంటలు గ్యారంటీ" అన్నాడు.
ఆ సంగతి ఎనుముకెవరు చెప్పాల?
మామూలు సెల్లులు పడేది ఇయ్యి,
బెళుగుప్పలో బీడీలంగట్లో దొరికేవి.

ఇంకొకటి, తెల్లగా, వెల్డింగు మంట మాదిరి.
నా అరచెయ్యి కింద పెట్టి చూసుకున్నా.
చచ్చినోడి చెయ్యి.
ఆ తెలుపులో నెత్తురు నల్లగా కనపడుతుంది,
మాయ బూడిద ముద్దైపోతుంది.
పచ్చటిది లేదా, బుడ్డిదీపం రంగుది?
అట్టపెట్టెలో అడుగున దొరికింది.
ఎవరూ అడగరని పైకి పెట్టలేదంట.

"పట్టీ ఊడదీసి ఉతకొచ్చునా?"
"ఉతుకు. నీ లుంగీ కంటే గట్టిది."
ఆరు నూర్ల యాభై అని ఐదు ఎనభైకి ఇచ్చినాడు.
దాంట్లో ఎర్ర లైటొకటి ఉంది, ఎందుకో ఆయనకూ తెల్దు.
వెలిగించి చూసినా. ఎర్రలో నెత్తురే కనపడదు.
నా పనికి దండగ.

ఆ వారమే మారెక్క ఎనుముకు నొప్పులు.
రెండు ఈతలకు ఆమే నాకు లైటు పట్టింది,
చెయ్యి వణికితే దూడ వణికినట్టుండేది.
ఈసారి కొట్టం వాకిట్లో నిలబడి
"నెత్తిన పెట్టుకుంటివి గదా,
నన్నేం చెయ్యమంటావు నాయనా?" అంది.
జవాబు చెప్పడానికి తలెత్తితే
కళ్ళకు చెయ్యడ్డం పెట్టుకుంది.

ఈ లైటు ఎంచుకునేటప్పుడు
బరువు చూసినా, రంగు చూసినా, పట్టీ చూసినా.
ఎదుటి మనిషి మొగం చూడనియ్యదని
అంగట్లో తెలీలేదు.

తల దించుకునే చెప్పినా:
"దాని కొమ్ముల కాడ కూచోక్కా."
కూచుంది. చీకట్లో ఏదో చెప్తా ఉండింది దానికి,
నాకు సగమే వినపడె.
గిట్టలు ఆకాశం చూస్తున్నాయి.
ఎదురుకాళ్ళు.
రెండు గంటలు పట్టె.
బుడ్డిదీపం రంగులో పెయ్య దూడ తుమ్మింది,
నా మీదే.

ఇంటికొచ్చేసరికి రెండున్నర.
దోమతెర కింద పాప.
స్విచ్చి వెయ్యబోయి, ఆగి,
నుదుటి మీది ఎర్రది నొక్కినా.
కదిలింది, కళ్ళు సగం తెరిచింది,
"నానా, నీ చొక్కా కొత్తదా?" అంది.
అవునన్నా.
మళ్ళీ పడుకుంది.