ఇరవై రెండు గంటలు

డాక్టర్ ఎచెవెర్రీ నా పళ్ళ అచ్చును
బల్ల మీద పెట్టి నాకేసి తిప్పింది.
సుద్దరంగు దవడ. నాదే.
కింది వరసలో నాలుగు పళ్ళు
సంతరోజు బస్సెక్కిన ఆడవాళ్ళలా
ఒకదాని భుజం మీద ఇంకొకటి.

ఈ గుంపుని యాభై మూడేళ్ళు
పెదవి వెనక దాచుకుని బతికాను.
మా చెల్లి పెళ్ళి ఫోటోల్లో చూడండి,
ఎవరో పోయినట్టుంటాను.

"రెండు దారులు, సుల్మా" అంది.
ఒకటి, గాజులాంటి తొడుగులు.
పదిహేను రోజులకో కొత్త జత. ఎవరికీ తెలీదు.
తినాలంటే తీయాలి, నీళ్ళు తప్ప ఏది తాగాలన్నా తీయాలి,
పళ్ళు తోముకుని మళ్ళీ తొడుక్కోవాలి.
రోజుకి ఇరవై రెండు గంటలు నోట్లోనే ఉండాలి.
రెండోది, ఇనప క్లిప్పులు, తీగ.
బిగించాక నీ ఇష్టంతో పనిలేదు.
ధరలు రాసి, కాగితం మడిచి ఇచ్చింది.

పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు.
సరిచేసుకోడానికే, చూడండి, ఇంత తర్జనభర్జన.

నాది తాళంచెవుల కొట్టు,
సాల్తోలో, నది వైపు దిగే వీధిలో.
ఇత్తడికి పళ్ళు కోయడం నా పని.
ఒక్క పన్ను వెంట్రుకవాసి ఎక్కువ తెగిందా,
ఎవరో ఒకావిడ తన గుమ్మం ముందే వానలో తడుస్తుంది.
వంకరకున్న విలువ నాకెవరూ చెప్పక్కర్లేదు.
కానీ తాళంచెవికి చిగుళ్ళుండవు.
బ్రష్షు దూరని సందులోంచి
రాత్రిళ్ళు దానికి నెత్తురు రాదు.

కనబడనివే కావాలనుకున్నాను, ఒప్పుకుంటాను.
కొత్త మిషనుకని దాచిన డబ్బంతా పోతుంది, పోనీ.
ఈ వయసులో బడిపిల్లలా నోట్లో ఇనుమేమిటి.

కొట్టు తలుపు ఎత్తేసరికి ఎలాదియో వచ్చాడు,
పక్క కొట్టులో చెప్పులు కుట్టే ఎలాదియో.
చంకలో ఫ్లాస్కు, చేతిలో సొరబుర్ర గిన్నె, మాతే.
పద్దెనిమిదేళ్ళుగా ఇదే చేదు,
ఇద్దరికీ ఒకటే లోహపు గొట్టం.
అతనో గిన్నె, నేనో గిన్నె,
తాళం పోగొట్టుకుని వచ్చినవాళ్ళకో గిన్నె.
మా దగ్గర గిన్నె తిరిగిస్తూ థాంక్స్ అన్నామంటే
ఇంక చాలని అర్థం.
పొద్దుగూకక ముందు నేనెప్పుడూ ఆ మాటనలేదు.

గొట్టం పెదాల దాకా తెచ్చి ఆగాను.
ఇరవై నాలుగులోంచి ఇరవై రెండు పోతే రెండు.
అందులో రెండు పూటల తిండి, తోముకోడాలు.
మిగిలేది ఎంత, అర గిన్నె?
గిన్నె గిన్నెకీ నోట్లో వేళ్ళు పెట్టి
తడి తొడుగు పీకి డబ్బాలో పెట్టాలి, ఇతని ఎదురుగా.
ఎవరికీ కనబడని వస్తువు
రోజుకి నలభైసార్లు బల్ల మీద కనబడుతుంది.

నవ్వొచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, అలవాటు.
"ఏంటి?" అన్నాడు.
"ఇనుమే" అన్నాను.
"ఇత్తడైతే తుప్పు పట్టదు కదా" అన్నాడు పాపం.

బిగించిన రోజు దవడంతా ఒకటే సలుపు.
తీగ మొన చెంపని గీరేస్తే మైనం అద్దుకున్నాను.
మూడు రోజులు గుమ్మడి గుజ్జే.
అద్దంలో నోరు తెరిస్తే
మా కొట్టులో చెవుల్ని బిగించే పట్టకారు గుర్తొచ్చింది.

ఎలాదియో ఏమీ అడగలేదు.
గిన్నె నింపి ముందు నాకిచ్చాడు.
గొట్టం క్లిప్పుకి తగిలి టింగుమంది.
ఇద్దరం ఆగాం.
ఇంకోసారి తగిలించాను, ఈసారి కావాలనే.

వేడికి ఈ తీగ ఇంకాస్త బిగుస్తుందట, డాక్టరే చెప్పింది.
నిజమే, గుక్క దిగుతుంటే
కింది నాలుగూ సన్నగా లాగుతాయి.
రబ్బరు ముక్కలకి వారానికే పసరు రంగొచ్చింది.
రెండేళ్ళు పడుతుందట.

మిషను బెల్టు ఇవాళ మళ్ళీ జారింది.
వచ్చే నెల చూడాలి.