వెరిమా ఏ ఊరిది

హల్‌లో శుక్రవారం రాత్రి.
హంబర్ మీంచి వచ్చిన పొగమంచు
కిటికీ సందుల్లో వేళ్ళు పెట్టి చూస్తోంది.
హీటరు మీటర్లో ఇంకా మూడు పౌన్లే మిగిలాయి.
మా నలుగురికీ ఒకటే పంచాయితీ:
వెరిమా ఏ ఊరిది?

ఆట చేసినవాళ్ళు రెండు ముక్కలు రాసి చేతులు దులుపుకున్నారు.
పుట్టుక: తెలియదు.
పాత్ర: సహాయకురాలు.
కత్తి లేదు, విల్లు లేదు,
భుజాన ఒక గుండ్రటి వాయిద్యం.
అది మోగితే పడిపోయినవాళ్ళు లేస్తారు.
గెలిచినవాళ్ళ జాబితాలో మాత్రం
ఆమె పేరు అట్టడుగున, చిన్నక్షరాల్లో.

ఐర్లండు పిల్ల, ఇంకేం చూస్తారు, అంటాడు కియెరన్.
మా నాయనమ్మ ఇంట్లో గోడకి అట్లాంటిదే వేలాడేది.
అయూనా ఒప్పుకోదు. బైకాల్ గట్టున పుట్టిన మనిషి.
పూనకం వచ్చే అవ్వల చేతిలోదిరా అది,
అంచున కట్టిన గుడ్డపీలికలు లెక్కపెట్టు, తొమ్మిది, అని
బొమ్మని ఆపి, పెద్దది చేసి, తెర మీద వేలు జరిపింది.
ఎనిమిదే వచ్చాయి.
తొమ్మిదోది వెనక ఉంది, అంది.

వల్లభ్‌ది గుంటూరు.
పిజ్జా నములుతూ తేల్చేశాడు:
ఏదో అడవి జాతి అయ్యుంటుంది,
మన వైపుది మాత్రం కాదు.

మన వైపు.
ఆ మాట ఏ వీధి దాకా నడిచొస్తుందో
ఏ ఇంటి ముందు చెప్పులు చూసుకుని వెనక్కి మళ్ళుతుందో
నాకు అడుగులతో సహా తెలుసు.

నేను నోరు విప్పలేదు.
యేసుపాదం అని పలకలేక వీళ్ళు ప్యాడ్ అని కుదించారు,
ఆటలో అందరి చేతుల్లో నలిగేదాని పేరే నాకూ.

నేను చూసింది వేరే.
మీటలేవీ నొక్కకుండా వదిలేస్తే
అర నిమిషం తరవాత
వెరిమా చితుకులు ఏరి మంట వేస్తుంది.
వాయిద్యాన్ని సెగ మీద అటూ ఇటూ తిప్పుతుంది,
గోటితో కొట్టి వింటుంది,
చాలదని మళ్ళీ కాపుతుంది.
అందరికీ తొందరే, అంతసేపు ఎవరాగుతారు?
ఆమె ఎడమ చేతిలో సన్న పుల్ల, కుడి చేతిలో పొట్టి కర్ర.

సిటికెన పుల్ల. సిర్ర.

లాజరు తాత పలక కాపుతుంటే
వరిగడ్డి అందించే పని నాది.
వేడికి చింతగింజల జిగురు వాసన లేచేది.
పెళ్ళికి అందరికన్నా ముందు ఆయన,
చావుకీ ముందు ఆయనే.
బంతిలో ఆఖర్న, అదీ దూరంగా.
నాకు ఇంజినీరింగు సీటొచ్చిన ఏడు
అమ్మ పలకని అటకెక్కించింది.
తాత పోయిన రోజు
పక్కూరి బ్యాండువాళ్ళు సినిమా పాటలు వాయించారు.

ఇదేదీ చెప్పలేదు.
పిజ్జా పెట్టె దులిపాను.
చెమ్మకి అట్ట మెత్తబడి మూగపోయింది.
హీటరుకి ఆనించి, తిప్పి,
గోటితో కొట్టి విన్నాను. ఇంకాస్త ఆనించాను.
ఏం వండుతున్నావురా ప్యాడ్, అన్నాడు కియెరన్.
ఎడమ చేతికి పెన్సిలు, కుడి చేతికి చెక్క గరిటె.

ఒంటి దెబ్బ. తరవాత జోడు.
తరవాత నేను నేర్చుకున్నట్టు గుర్తేలేని దరువొకటి
మణికట్ల లోంచి దిగింది.
అదే వేళకి తెర మీద వెరిమా కూడా లేచి కొట్టింది.
దాని దరువు వేరు.
ఎక్కడిదో, నేనెరగనిది.

కియెరన్ పాదం కదులుతోంది. అయూనా కళ్ళు మూసుకుంది.
వల్లభ్ ముందు నా చేతుల్ని చూశాడు,
తరవాత నా మొహాన్ని,
ఎన్నాళ్ళుగానో తెగని లెక్క ఇప్పుడు తెగినట్టు.

పక్కింటివాళ్ళు గోడ మీద మూడుసార్లు బాదారు.
ఆపమంటున్నారు, అన్నాడు కియెరన్.
కాదు, బదులిస్తున్నారు, అంది అయూనా.
నాలుగో దెబ్బ ఎక్కడ పడుతుందోనని
గరిటె ఎత్తి పట్టుకుని
నేను చెవి ఒగ్గాను.