ముప్పావు కిలో

పద్నాలుగేండ్లుగా మెట్ల కిందే నా కొలువు.
చిలకలగూడ నుంచి వారాసిగూడ దాకా
ఎవరి మెట్ల కింద ఏం దాచారో నాకెరుక,
ముందుగదులు మాత్రం ఎన్నడూ చూడలేదు.

డబ్బా మూత తెరిస్తే ముందు బల్లి దూకుతుంది,
తర్వాత అంకెలు.
వాటిని మిషన్లో కొడితే
నాలుక చాపినట్టు వెచ్చటి కాగితం.
"గింత ఎట్లొచ్చిందయ్యా?" అంటారు.
గీజరమ్మా, అంటాను.
ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైందేమో చూడండి, అంటాను.

పోయిన బోనాలకు మా బావ ఓదెలు వచ్చాడు,
గోదావరిఖనిలో బాయి పని.
తిని, గోడకు ఒరిగి, ఉన్నట్టుండి అడిగాడు:
"ఒక్క యూనిట్ అంటే ఎంతనుకున్నవ్ బామ్మర్దీ?
ముప్పావు కిలో బొగ్గు, అటు ఇటుగ.
గింత" అని దోసిలి పట్టాడు.
చేతిగీతల్లో
ఏ సబ్బుకూ లొంగని నలుపు.

ఆరోజు నుంచి నా లెక్క చెడింది.

నామాలగుండు సందులో సాబిరా బేగం:
ఒక కూలరు, రెండు బల్బులు,
జాకెట్లు కుట్టే మోటారు మిషను.
డెబ్బై ఆరు.
అంటే ఆమె గడప పక్కన ఒక నిండు బస్తా,
ఇంకో తట్టెడు.
పార్సిగుట్ట మీద అనసూయాదేవి గారు, మూడో అంతస్తు,
మే నెలకు ఆరువందల నలభై.
అర టన్నుకు ఇరవై కిలోలు తక్కువ.
కాగితం బదులు సరుకే తెచ్చి దింపితే?
తెల్ల కారు ఎక్కడ పెట్టుకుంటారు?
కరెంటు పోయి లిఫ్టు ఆగిన పూట
ఎవరు మోస్తారు పైకి?
నవ్వొచ్చింది.
"ఎందుకు బాబూ నవ్వుతున్నావ్?" అన్నారావిడ.
ఏం లేదమ్మా. గీజరమ్మా.

అంతా బొగ్గే కాదు, తెలుసు.
వానలు పడ్డ ఏడు శ్రీశైలం దగ్గర దూకిన నీళ్లు కొంత,
పాలమూరు చెలకల మీద పరిచిన నల్లద్దాల్లోంచి
పగటిపూట ఎండ కొంత.
తీగలోకి వచ్చాక ఎవరి కులగోత్రాలు ఎవరడుగుతారు?
సాబిరా సూది కింద ఉరికే కుట్టులో
ఇంత కృష్ణ, ఇంత ఖని, ఇంత ఎండ అని
విడదీసి చెప్పే మీటరు
నా సంచిలో లేదు.

మా ఇంటి రీడింగ్ నేను తియ్యను,
ఈ వాడ రాజమౌళిది.
నూట ముప్పై ఒకటి, అని రాసి
ఏమీ అనకుండా పోతాడు.
రెండు బస్తాలు కావడానికి రెండు కిలోలు తక్కువ.

రాత్రి పాప నిద్రపోయిందనుకుని
ఫ్యాను ఐదు మీంచి రెండుకి తిప్పాను.
కళ్లు మూసుకునే అంది:
"పాత రెగ్యులేటరు నానా.
నువ్వు తగ్గించినా మీటరు పెద్దగ తగ్గదు,
మిగిలింది గా డబ్బాలనే వేడిగ పోతది."
తొమ్మిదో తరగతి.
డబ్బా మీద చెయ్యి పెట్టి చూశాను.
నిజమే, చిన్న జ్వరంలా ఉంది.
మళ్లీ ఐదుకి తిప్పాను.

నిద్ర పట్టక బావకు ఫోన్ చేశాను.
రాత్రి షిఫ్టు, ఇంకా దిగలేదు.
వెనక ఇనప గొలుసుల చప్పుడు.
"లాంపు రూముల ఉన్న.
టోపీ లైటు తీసుకుంటున్న, చార్జింగ్ నిండింది."
అంటే మన కరెంటేనా? అన్నాను.
"మరి?"
దానికెన్ని యూనిట్లు బావా?
కాసేపు ఆగి, పక్కకు ఎవరికో ఏదో చెప్పి,
"ఏమో" అన్నాడు,
"దాని బిల్లు నాకు రాదు గద."